కొండ మీది బడికి పంతులు ఎవరు?

ఏటా ఆగస్టు 29న మన ఫోన్లకు తెలుగు భాషా దినోత్సవ శుభాకాంక్షలు వస్తాయి. గిడుగు రామమూర్తి పంతులు గారి ఫొటో, పక్కన తెలుగు గొప్పతనం మీద నాలుగు మాటలు. ఆయన వాడుక భాష కోసం పోరాడాడని బడికెళ్లిన ప్రతివాళ్లకూ తెలుసు. ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నాడని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పడానికి సొంత డబ్బుతో బడులు నడిపాడని, 1931లో సవర భాషకు వ్యాకరణం, తర్వాత నిఘంటువు అచ్చు వేయించాడని మాత్రం ఆ మెసేజిల్లో ఉండదు. తెలుగు పిల్లాడికి తన నోటి భాషలో చదువు కావాలన్న మనిషే సవర పిల్లాడికీ అదే కావాలన్నాడు. మనం మొదటి సగం పండగ చేసుకున్నాం, రెండో సగం మర్చిపోయాం.

ఆ బడులు పెట్టి నూరేళ్లు దాటింది. ఇప్పుడు ఆ కొండల్లో బడి ఎలా ఉందో చూద్దాం రండి.

సీతంపేట కొండల్లో ఒక సవర ఊరు. పేరు రాయడం లేదు. రాస్తే అక్కడ పనిచేసే మాస్టారికి మెమో వస్తుంది. "నా పేరు, ఊరి పేరు వద్దండి, మిగతాది ఎంతైనా రాసుకోండి" అన్నాడాయన. ముప్పై చిల్లర ఇళ్లు. తారు రోడ్డు కొండ కింద ఆగిపోతుంది. అక్కడ ఎవరి ఇంటి ముందో బండి పెట్టి, గెడ్డ దాటి, గంటకు పైగా ఎక్కాలి. వానాకాలంలో గెడ్డ పొంగితే ఆ గంట ఒక్కోసారి ఒక పూట అవుతుంది, ఒక్కోసారి రెండు రోజులవుతుంది. అందుకే ఆయన వర్షాలు మొదలయ్యాక కిందికి దిగడు. బడి పక్కనే చిన్న గదిలో ఉంటాడు. బియ్యం, పప్పు, టార్చిలైటు, సెలైన్ ప్యాకెట్లు. సెలైన్ ఎందుకంటారా? ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు పిలిచేది పంతుల్నే. 108కి ఫోన్ చేయడానికి సిగ్నల్ దొరికే బండరాయి ఎక్కడుందో ఆయనకే తెలుసు. కిందికి డోలీ కట్టాల్సి వస్తే ఒక కొస ఆయన భుజం మీదే ఉంటుంది.

బడిలో 27 మంది పిల్లలు. అయిదు తరగతులు. పంతులు ఒక్కడే.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని షెడ్యూల్లో స్పష్టంగా రాసి ఉంది: ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకూ ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. ముగ్గురు పిల్లలుంటే ఒక్కరు చాలని ఆ చట్టం ఎక్కడా అనలేదు. కానీ మన్యంలో ఏకోపాధ్యాయ పాఠశాల అనే మాట ఎంత మామూలైపోయిందంటే, అది చట్ట ఉల్లంఘన అన్న సంగతి దాన్ని నడిపేవాళ్లకే గుర్తులేదు.

ఒక్కడే అయిదు తరగతులు ఎలా చెబుతాడు? మేం మూడు రోజులు వెనక బెంచీలో, అంటే గోడవార చాప మీద, కూర్చుని చూశాం. ఒకటో తరగతికి పాట. ఆ పాట జరుగుతుండగానే మూడో తరగతికి బోర్డు మీద లెక్క. నాలుగు, అయిదు తరగతుల పిల్లల్లో చురుకైనవాళ్లకు చిన్న పిల్లల బాధ్యత. మధ్యలో వంటామె వచ్చి నూనె అయిపోయిందంటుంది. మధ్యలో ఫోన్లో మెసేజి, ఏదో ఫార్మాట్ సాయంత్రంలోగా పంపాలట. 2022 ఆగస్టు నుంచి ముఖం చూపించి హాజరు వేసే యాప్ వచ్చింది కదా, దానికోసం పొద్దున్నే బండరాయి ఎక్కాలి. "బళ్లో ఉన్నానని నిరూపించుకోడానికి బడి వదిలి వెళ్తున్నానండి" అని నవ్వాడు. ఆ నవ్వులో కోపం కూడా లేదు. అలవాటైపోయింది.

కానీ ఇవన్నీ మీరు ఎక్కడో విన్నవే. గుట్ట ఎక్కే మాస్టారి కథలు పేపర్లో అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాయి. ఉత్తమ ఉపాధ్యాయ అవార్డు ఇచ్చి, శాలువా కప్పి, మర్నాడు మర్చిపోతాం. మేం చెప్పాలనుకున్నది వేరే.

రెండో రోజు లెక్కల పాఠం. ఒకటో తరగతి పిల్లాడికి చింతగింజలు ఇచ్చి లెక్కపెట్టమన్నాడు మాస్టారు. పిల్లాడు పన్నెండు దాకా లెక్కపెట్టి, ఒక కుప్ప చేసి, పక్కన ఇంకో గింజ పెట్టి ఏదో అన్నాడు. మాకు అర్థం కాలేదు. మాస్టారు తల ఊపి, సవరలో మెచ్చుకుని, అప్పుడు ఆ పదమూడు గింజలనే తీసి పది ఒక పక్క, మూడు ఒక పక్క పెట్టి "పదమూడు" అని తెలుగులో చెప్పాడు.

విషయం ఏమిటంటే, సవర భాషలో లెక్క పదుల మీద నడవదు. పన్నెండు మీద, ఇరవై మీద నడుస్తుంది. పదమూడు అంటే పన్నెండు-ఒకటి. పంతొమ్మిది అంటే పన్నెండు-ఏడు. ముప్పై మూడు అంటే ఇరవై-పన్నెండు-ఒకటి. ఆ పిల్లాడు అవ్వ దగ్గర కూర్చుని అడ్డాకులు లెక్కపెడుతూ నేర్చుకున్న లెక్క అది. తప్పు లెక్క కాదు. వేరే లెక్క. ప్రపంచంలో భాషలు చదివేవాళ్లు వింతగా చెప్పుకునే లెక్క.

ఇప్పుడు ఆ పిల్లాడి ముందు సవర రాని పంతుల్ని ఊహించుకోండి. మంచివాడే అనుకుందాం. రోజూ వస్తాడనే అనుకుందాం. పిల్లాడు పన్నెండు గింజల కుప్ప చేసి పక్కన ఒకటి పెడితే ఆయనకి ఏం కనిపిస్తుంది? "వీడికి పది అంటే తెలీదు" అని కనిపిస్తుంది. రిపోర్టులో లెక్కలు రాని పిల్లాడని పడుతుంది. అదే రిపోర్టు పైకి వెళ్లి, "గిరిజన విద్యార్థుల్లో అభ్యసన సామర్థ్యాలు తక్కువ" అనే వాక్యం అవుతుంది. ఆ వాక్యం పట్టుకుని ఎవరో ఒక కొత్త ట్రైనింగ్, ఒక కొత్త యాప్ పెడతారు. ఇంతకీ పిల్లాడికి లెక్క వచ్చు. అది అడిగే భాష రాలేదు, అంతే. పిల్లాడికి కాదు, పంతులికి.

ఈ మాస్టారికి ఆ సంగతి ఎలా తెలుసు? ఆయన సవరే. రెండు కొండల అవతలి ఊరు. ఆరేళ్ల వయసులో ఆశ్రమ పాఠశాలలో వేశారు. "మొదటి ఏడాదంతా నాకు బళ్లో ఒక్క ముక్క అర్థం కాలేదండి. ఇంకొంచెం అన్నం పెట్టమని అడగడం కూడా రాదు. ప్లేటు పట్టుకుని నిలబడేవాణ్ణి. అలా నిలబడ్డందుకు కూడా తిట్టేవారు. వాళ్లు ఏమని తిట్టేవారో తెలీదు, గొంతుని బట్టి తిట్టని తెలిసేది." తనతో చేరిన పిల్లల్లో సగం మంది మొదటి సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్లి తిరిగి రాలేదన్నాడు. వాళ్లకు చదువు అబ్బలేదని అందరూ అనుకున్నారు. వాళ్లు కూడా అదే అనుకుని పోడుకి, జీడితోటలకి పోయారు.

ఈయన మిగిలాడు. టీచరు ట్రైనింగ్ చేశాడు. జీవో 3 ఉండబట్టి ఉద్యోగం వచ్చింది.

జీవో 3 గురించి కొత్త పాఠకులకు నాలుగు మాటలు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులు స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 1986లోనే జీవో 275 వచ్చింది. అది కోర్టు కేసుల్లో నలిగింది. మళ్లీ 2000 జనవరి 10న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 3 ఇచ్చింది. రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద గవర్నరుకు ఉన్న అధికారంతో ఇచ్చిన ఉత్తర్వు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని బడుల్లో టీచరు పోస్టులు నూటికి నూరు స్థానిక షెడ్యూల్డ్ తెగల వారికే. ఎందుకు ఇచ్చారు? ఆదివాసుల మీద ప్రేమతో మాత్రమే కాదు. కింద నుంచి వచ్చిన పంతుళ్లు బడికి రావడం లేదు, ఏళ్ల తరబడి గైర్హాజరు, బడులు మూతపడి ఉన్నాయి. అది ప్రభుత్వమే ఒప్పుకున్న నిజం. ఆ రోగానికి మందుగా వచ్చింది జీవో 3.

ఈ ఊరి పెద్దావిడ ఒకామె ఆ పాత రోజులు చెప్పింది. "ఈ బాబు రాకముందు ఒక పంతులు ఉండేవోడు. సంత రోజు సంతలోనే మాకు కనిపించేవోడు. 'గుంటల్ని బడికి పంపుతున్నారా' అని మమ్మల్నే అడిగేవోడు. బడి తాళం మా ఆయన దగ్గర ఉండేది. మేకలు వానకి తడుస్తాయని తాళం తీసి లోపల కట్టేవోళ్లం." ఆమె నవ్వించడానికే చెప్పింది. మేమూ నవ్వాం. తర్వాత లెక్కేసుకుంటే, ఆ మేకలు కట్టిన ఏళ్లలో బడి ఈడు పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు ఆ ఊళ్లో తల్లిదండ్రులు. వేలిముద్రలు.

2020 ఏప్రిల్ 22న, దేశమంతా లాక్‌డౌన్‌లో తలుపులు వేసుకుని ఉన్న రోజున, సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం జీవో 3ని కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధమంది. అయిదో షెడ్యూలు కింద గవర్నరుకున్న అధికారం ప్రాథమిక హక్కులను దాటి పోలేదంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను షరతు పెట్టి ఉంచింది, రెండు రాష్ట్రాలకూ కలిపి అయిదు లక్షల ఖర్చులు విధించింది. గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలనడం జుగుప్స కలిగించే ఆలోచన అన్న అర్థంలో ఆ తీర్పులో ఒక వాక్యం ఉంది.

ఆ వాక్యం చదివినప్పుడు మనకు కోపం వచ్చింది. రావడం సహజం. కానీ కోపం పక్కన పెట్టి దానికి జవాబు చెప్పాలి. ఎందుకంటే ఆ వాక్యం వెనక ఒక ప్రశ్న ఉంది, మన స్నేహితులు కూడా మెల్లగా అడిగే ప్రశ్న: పంతులు ఏ కులమైతే ఏం, ఏ తెగ అయితే ఏం, చదువు బాగా చెబితే చాలదా?

చాలు. నిజంగా చెబితే చాలు. ఈ కొండల చరిత్రలోనే అందుకు సాక్ష్యాలున్నాయి. గిడుగు ఆదివాసీ కాదు. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఆదివాసులు కారు. ఇద్దరూ బడిపంతుళ్లుగా ఈ మన్యానికి వచ్చినవాళ్లే. జనం బతుకు చూసి, షావుకారి లెక్కలు చూసి, పలకా బలపం దగ్గర ఆగలేకపోయారు. 1967లో లేవిడి దగ్గర భూస్వాముల కాల్పుల్లో ఇద్దరు చనిపోయాక ఉద్యమం ఇంకో దారి పట్టింది. 1970 జూలైలో సత్యం, కైలాసం ఎన్‌కౌంటర్‌లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. వాళ్ల రాజకీయాలతో మీరు ఏకీభవించొచ్చు, ఏకీభవించకపోవచ్చు. కానీ వాళ్లను ఇక్కడి ముసలివాళ్లు ఇప్పటికీ మాస్టార్లనే అంటారు.

అయితే ఒక్కసారి ఆలోచించండి. వాళ్లు అంతగా గుర్తుండిపోయారంటే అర్థమేమిటి? అలాంటివాళ్లు అంత అరుదు అని. మంచి మనుషులు ఎక్కడైనా పుడతారు. కానీ ప్రభుత్వం బడిని మంచి మనిషి పుడతాడన్న ఆశ మీద నడపకూడదు. మామూలు మనిషితో నడిచేలా కట్టాలి. కింద ఊళ్లో ఇల్లు, పిల్లల కాన్వెంటు, ముసలి తల్లిదండ్రులు ఉన్న ఒక మామూలు మనిషిని, భాష రాని కొండ మీదికి పంపి, ఉండడానికి గది కూడా ఇవ్వకపోతే, అతను రెండేళ్లలో డిప్యుటేషన్ వెతుక్కుంటాడు. అతను చెడ్డవాడని కాదు. మనమైనా అదే చేస్తాం. అదే కొండ మీద పుట్టినవాడికి ఆ గది ఇల్లు, ఆ భాష అమ్మ భాష. అతను కూడా మామూలు మనిషే. గొప్పవాడు కానక్కర్లేదు. అదీ జీవో 3లో ఉన్న తెలివి. కోర్టు దాన్ని ఉద్యోగాల పంపకంగా చూసింది. అది పిల్లల హక్కు గురించిన ఏర్పాటు.

ఇక్కడ మనవాళ్లకీ ఒక మాట చెప్పాలి. ఇది చెబితే మన సంఘాల్లోనే కొందరికి నచ్చదని తెలుసు. జీవో 3 ఉన్న ఇరవై ఏళ్లలో పోస్టులు వచ్చింది ఎవరికి? ముందే చదువుకున్న తెగలకు, రోడ్డు పక్క ఊళ్లకు ఎక్కువ. కొండ సవర, కోదు, పోర్జ, గదబ ఊళ్లకు తక్కువ. సవర ఊళ్లో తెలుగే మాతృభాషగా ఉన్న మరో తెగ పంతులు వస్తే, ఆయన ఆదివాసీయే, స్థానికుడే, కానీ ఒకటో తరగతి పిల్లాడికి ఆయన కూడా పరాయి భాషవాడే. చింతగింజల కుప్ప ఆయనకీ అర్థం కాదు. "స్థానిక గిరిజనుడు" అన్న మాట దగ్గరే మన డిమాండ్ ఆగిపోతే, అట్టడుగున ఉన్న పిల్లాడి దాకా అది చేరదు. భాష అన్న మాట కూడా చేర్చాలి.

అది కొత్త మాటేమీ కాదు. రాజ్యాంగం 350ఎ అధికరణం భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు ఏర్పాటు చేయమంటోంది. విద్యాహక్కు చట్టం సెక్షన్ 29 కూడా వీలైనంత వరకూ బోధన పిల్లల మాతృభాషలో ఉండాలంటోంది. ఉమ్మడి రాష్ట్రంలోనే 2004లో బహుభాషా విద్య మొదలుపెట్టి సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో వాచకాలు తెచ్చారు. మంచి పని. ఆ పుస్తకాలు రాయడానికి మన పంతుళ్లే కూర్చున్నారు. అందులో మన పాటలు, మన పండుగలు, మన కొండ గొర్రెలు ఉన్నాయి. కానీ పుస్తకం తనంతట తాను చదువు చెప్పదు కదా. చెప్పడానికి పెట్టింది భాషా వాలంటీర్లను. పంతులు జీతంలో పదో వంతు కూడా లేని గౌరవ వేతనం. విద్యా సంవత్సరం అయిపోతే మళ్లీ పిలుస్తారో లేదో తెలియదు. ఇంటర్ చదివిన సవర అమ్మాయి ఒకటో తరగతి పిల్లల్ని అరచేతిలో పెట్టుకుని చూస్తుంది, వేసవిలో జీడిపిక్కలు ఏరుకుంటుంది, జూన్‌లో ఫోన్ కోసం ఎదురుచూస్తుంది. ఆ చదువు ఎంత ముఖ్యమో చెప్పడానికి ఎన్ని సర్క్యులర్లు ఉన్నా, దాన్ని చెప్పే మనిషికి ఇచ్చే జీతమే అసలు సర్క్యులర్.

ఇప్పుడు మన మాస్టారి దగ్గరికి మళ్లీ వద్దాం. ఎందుకంటే ఇదంతా ఆయన దగ్గర ఒక తేదీలా నిలబడి ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయుల బదిలీ నిబంధన ప్రకారం ఒక చోట ఎనిమిదేళ్లు నిండితే కదలాల్సిందే. ఆయనకి నిండాయి. వచ్చే కౌన్సెలింగ్‌లో ఆయన పేరు వస్తుంది. "నాకు కింద ఊళ్లో పోస్టింగ్ వస్తే మా ఆవిడ సంతోషిస్తుందండి. పిల్లల చదువుకి కూడా మంచిదే. నేను వెళ్లనని చెప్పను. ఎన్నాళ్లని ఎక్కుతాను, మోకాళ్లు పోయాయి" అన్నాడు. కాసేపు ఆగి, "నా తర్వాత ఎవరో తెలిస్తే బాగుణ్ణు" అన్నాడు.

ఎవరు? 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వచ్చినప్పుడు మన యువత అడిగిన ప్రశ్న ఇదే. జీవో 3 పోయాక రాష్ట్రమంతటా ఉన్న 6 శాతం ఎస్టీ కోటాలోనే మన వాటా చూసుకోమంటే, నూరు నుంచి ఆరుకి దిగినట్టు. ఏజెన్సీకి ప్రత్యేక డీఎస్సీ వేయమని బంద్‌లు చేశాం, రోడ్ల మీద కూర్చున్నాం. చట్టం చేస్తాం, జీవోకి ప్రత్యామ్నాయం తెస్తాం అని ప్రతి పార్టీ మాట ఇచ్చింది. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం స్టేజీ మీద కొమ్ముల కిరీటం పెట్టుకుని, డప్పు కొట్టి, మళ్లీ మాట ఇస్తారు. కొండ మీద బడికి మాత్రం మాటలు పాఠం చెప్పవు.

మనం అడగాల్సినవి చాలా లేవు. నాలుగే.

ఒకటి. ఏజెన్సీ ప్రాథమిక బడుల్లో పంతులు పోస్టుకు ఆ ఊరి పిల్లల భాష వచ్చి ఉండటం తప్పనిసరి అర్హత చేయాలి. ఇది పుట్టుక గురించిన షరతు కాదు, పనికి కావలసిన అర్హత. ఇంగ్లిష్ పంతులికి ఇంగ్లిష్ రావాలని అడిగినప్పుడు ఎవరూ దాన్ని రిజర్వేషన్ అనరు. సవర పిల్లల పంతులికి సవర రావాలి. గిరిజనేతరుడు నేర్చుకుని వస్తే రానివ్వండి, గిడుగు వారసుడని దండ వేసి తీసుకెళ్దాం. దీంతో పాటు స్థానిక ఆదివాసులకు పోస్టుల రక్షణ కోసం గట్టి చట్టం, అవసరమైతే రాజ్యాంగ సవరణ కోసం పోరాటం ఆగకూడదు. ఒకటి రెండోదానికి అడ్డు కాదు.

రెండు. భాషా వాలంటీర్లకు ట్రైనింగ్ ఇచ్చి, అర్హత పూర్తి చేయించి, పంతుళ్లుగా తీసుకోవాలి. ఏళ్ల తరబడి పిల్లల మధ్య ఉన్నవాళ్లకంటే మంచి అభ్యర్థులు ఎక్కడున్నారు?

మూడు. ఒక్క పంతులు బడి ఉండకూడదు. చట్టమే ఇద్దరు అంటోంది. ఒకరికి జ్వరమొస్తే బడికి జ్వరం రాకూడదు. పిల్లలు తక్కువున్నారని బడిని ఇంకో ఊరి బడిలో కలిపేయడం కూడా ఆగాలి. మైదానంలో కిలోమీటరు అంటే పది నిమిషాల నడక. ఇక్కడ కిలోమీటరు అంటే ఒక గెడ్డ, ఒక ఎక్కుడు. ఆరేళ్ల పిల్లాడి కాళ్లతో కొలవండి.

నాలుగు. ఇది అందరికంటే మన చేతిలో ఉన్నది. 1996 పెసా చట్టం సెక్షన్ 4లో, సామాజిక రంగాల్లోని సంస్థలను, వాటి ఉద్యోగులను అదుపులో ఉంచే అధికారం గ్రామసభకూ పంచాయతీలకూ ఇవ్వాలని ఉంది. బడి సామాజిక రంగం కాకపోతే ఇంకేది? పంతులు వచ్చాడా లేదా అని చెప్పాల్సింది యాప్ కాదు, ఊరు. ఊళ్లో పంతులికి గది కట్టాలా, ఏ భాష పంతులు కావాలి, కొర్రకొత్త, కందికొత్త పండుగలకు బడికి సెలవు ఎప్పుడు అన్నది గ్రామసభ తీర్మానం చేయాలి. ఇప్పుడైతే పండుగ రోజు బడి ఖాళీ, రిజిస్టర్లో పిల్లలందరూ గైర్హాజరు. సంక్రాంతికి పది రోజులు సెలవు తీసుకునే రాష్ట్రం, కొత్తల పండుగకు ఇంట్లో ఉన్న పిల్లాణ్ణి ఎగ్గొట్టినవాడిగా రాసుకుంటోంది.

ఇది చదువుతున్న మీరు ఆదివాసీ అయితే, మీ ఊరి గ్రామసభ ఈసారి ఎప్పుడో కనుక్కోండి. మీ బడిలో పిల్లలెంతమంది, పంతుళ్లెంతమంది, పంతులికి మీ భాష వచ్చా, ఈ మూడు ఒక కాగితం మీద రాసి తీర్మానం పుస్తకంలో ఎక్కించండి. నకలు ఐటీడీఏ పీవోకి ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక ఊరు ఇస్తే పక్కన పెడతారు. నూరు ఊళ్లు ఇస్తే లెక్క అడగాల్సి వస్తుంది. ఆ నకలు మాకూ పంపండి, ఇక్కడే వేస్తాం. ఊరి పేరు వద్దంటే తీసేస్తాం.

మీరు ఆదివాసీ కాకపోతే, మీ చిన్నప్పుడు మీకు ఒకటో తరగతిలో అ ఆలు దిద్దించిన పంతులు ఏ భాషలో తిట్టారో, ఏ భాషలో మెచ్చుకున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. మీ అమ్మ మాట్లాడే భాషలోనే కదా. అది మీకు ఉచితంగా, అడగకుండా దొరికింది. మేం దానికోసం నలభై ఏళ్లుగా జీవోలు మోస్తున్నాం, కోర్టు మెట్లు ఎక్కుతున్నాం. వచ్చే ఆగస్టు 29న శుభాకాంక్షలు పంపేటప్పుడు, గిడుగు పెట్టిన సవర బడి సంగతి కూడా రెండు వాక్యాలు జత చేయండి.

మేం దిగి వచ్చేటప్పుడు మాస్టారు గెడ్డ దాకా సాగనంపాడు. వెనక పిల్లలు నలుగురైదుగురు. దారిలో ఆ చింతగింజల పిల్లాడు రాళ్లు ఏరుతున్నాడు. గెడ్డ దగ్గర ఆగి మాకు చూపించాడు. పది రాళ్లు ఒక కుప్ప, మూడు రాళ్లు ఒక కుప్ప. "పదమూడు" అన్నాడు తెలుగులో, గట్టిగా. తర్వాత మాస్టారి వైపు చూసి, మూడు రాళ్లలోంచి రెండు తీసి పెద్ద కుప్పలో కలిపి, పక్కన ఒక్క రాయి మిగిల్చి, అదే సంఖ్య తన భాషలో చెప్పాడు.

వాడికి ఇప్పుడు రెండు లెక్కలూ వచ్చు. రెండూ తెలిసిన పంతులు ఉన్నాడు కాబట్టి వచ్చాయి. వాడు రెండో తరగతికి వెళ్లేసరికి ఆ పంతులు ఉంటాడా, ఉండకపోతే ఎవరొస్తారు అన్నదే మన ప్రశ్న. జవాబు వచ్చేదాకా అడుగుదాం.

జై ఆదివాసీ.